తాడు వదలండి, తాడు వదలకండి: కల్పిత ప్రవక్తనూ, ఆయన పేరిట చీలిన మతాన్నీ రాయడం గురించి

(నవల రాసేవారి శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఇవాళ చెప్పే విషయంలో ఒక అక్షరం వినబడినా, వినబడకపోయినా చాలా తేడా వస్తుంది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మీరు పంపిన చిత్తు ప్రతులన్నీ చదివాను. శ్రద్ధగా చదివాను. మీలో చాలామంది ఒక కల్పిత లోకాన్ని సృష్టించారు, అందులో ఒక మతాన్ని పెట్టారు, ఆ మతాన్ని రెండుగా చీల్చారు. ఒక వర్గానికి ఎర్ర జెండా, ఇంకో వర్గానికి నల్ల జెండా. మధ్యలో ఒక దుర్మార్గుడైన గురువు, అతని స్వార్థం వల్లే అంతా జరిగింది. బాగుంది. మరి ఆ మతాన్ని స్థాపించిన ఆ మహానుభావుడు ఏం చెప్పాడు? ఏం పని చేసి బతికాడు? ఎలా పోయాడు? పోయేటప్పుడు పక్కన ఎవరున్నారు? నేను వెతికాను. ఎవరూ రాయలేదు. గుడి గోపురం నుంచి మొదలుపెట్టారు గానీ పునాది తవ్వలేదు.

నేను నమ్మేది ఇది. మతం చీలడానికి విలన్ అక్కర్లేదు. ఆయన్ని ప్రాణంగా ప్రేమించిన ఇద్దరు ఉంటే చాలు. ఆయన ఒక మాట సగంలో ఆపేసి వెళ్లిపోతే చాలు.

ఊరికే చెబితే గాలి మాటలా ఉంటుంది. మనం ఇక్కడే, ఇప్పుడే, ఒక సాధువును తయారుచేద్దాం. ఆయనకు ఊటయ్య అని పేరు పెట్టుకుందాం. ఎక్కడా లేడు, ఎప్పుడూ లేడు, మన ఊహలోని మనిషి. బావులు తవ్వడం ఆయన పని. కరువు నేల. ఊరూరూ తిరుగుతూ బావులు తవ్వుతాడు. బావి తవ్వేవాడి ప్రాణం ఎక్కడ ఉంటుంది? పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. లోపల గడ్డపార వేసేవాడికి ఆకాశం రూపాయి బిళ్లంత కనిపిస్తుంది. మట్టి తట్ట పైకి పోవాలన్నా, తను పైకి రావాలన్నా పైనున్నవాడే దిక్కు. ఊటయ్య బోధంతా అందులోంచే వచ్చింది. "తాడు పట్టినవాడిది ఏ కులమని అడుగుతావా?" అంటాడు. "నువ్వు దిగు, నేను పడతా. రేపు నేను దిగుతా, నువ్వు పట్టు" అంటాడు. అంతే. ఆయనకు ఇంతకు మించి సిద్ధాంతం లేదు. చదువు రాదు. ఏదీ రాసి పెట్టలేదు.

చూశారా, పని నుంచి బోధ వచ్చింది. మీ సాధువు నోట్లో వేదాంతం పెట్టకండి, పని పెట్టండి. కబీరు మగ్గం మీద కూర్చున్నాడు కాబట్టే ఆయన మాటల్లో దారం, పోగు, దుప్పటి వచ్చాయి.

ఇప్పుడు ఊటయ్య చావు. అరవై అడుగుల లోతు. నీళ్లు పడ్డాయి. పైన తాడు పట్టుకున్నవాళ్లు ఇద్దరు, తోడబుట్టిన తమ్ముడు, పెద్ద శిష్యుడు. తడిసిన దరి ఒక్కసారిగా విరిగి మీద పడింది. తాడు బిగిసింది. పైనున్న ఇద్దరినీ అంచు దాకా లాగేస్తోంది. ఆ మట్టి చప్పుడులో కింద నుంచి ఒక కేక వచ్చింది.

తమ్ముడికి వినబడింది: "తాడు వదలండిరా!"

శిష్యుడికి వినబడింది: "తాడు వదలకండిరా!"

ఒక్క అక్షరం. మన భాషలో ఒక్క 'క'. అది ఉంటే ఒక మతం, లేకపోతే ఇంకో మతం.

తమ్ముడు వదిలేశాడు. శిష్యుడు వదల్లేదు. చేతుల తోలు ఊడిపోయి, ఎముక కనబడేదాకా పట్టుకున్నాడు. చివరికి తాడు తెగింది. ఊటయ్య రాలేదు. బావిలో నీళ్లు మాత్రం ఊరుతూనే ఉన్నాయి.

మీలో కొందరికి అనిపిస్తుంది, ఒక్క అక్షరం కోసం మతాలు చీలతాయా, ఇది మరీ కథలా ఉంది అని. చరిత్రలోకి రండి. క్రీస్తు శకం 325లో నైసియాలో చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలుపు మీద బిషప్పులు సమావేశమయ్యారు. కుమారుడు, అంటే యేసు, తండ్రి అయిన దేవుడితో 'ఒకే తత్త్వం' గలవాడు అని తీర్మానించారు. గ్రీకులో ఆ మాట హోమోఊసియోస్. తర్వాతి దశాబ్దాల్లో ఇంకొందరు, 'ఒకే' తత్త్వం అనొద్దు, 'పోలిన' తత్త్వం అందాం, హోమోయిఊసియోస్ అందాం అన్నారు. రెంటికీ మధ్య తేడా ఐయోటా అనే ఒక్క అక్షరం. గ్రీకు అక్షరాల్లో అతి చిన్నది. ఆ అక్షరం కోసం బిషప్పులు పదవులు పోగొట్టుకున్నారు, దేశం విడిచి వెళ్లారు.

ఇంకొకటి. రష్యాలో 1650లలో అక్కడి చర్చికి పెద్ద అయిన పేట్రియార్క్ నికోన్ ప్రార్థన పుస్తకాలను గ్రీకు పద్ధతికి సరిదిద్దాడు. యేసు పేరును 'ఇసుస్' అని రాసేవాళ్లు, దాన్ని 'ఈసుస్' అని మార్చాడు. మళ్లీ ఒక్క అక్షరమే. రెండు వేళ్లతో శిలువ గుర్తు వేసుకునేవాళ్లు, మూడు వేళ్లతో వేసుకోమన్నాడు. పాత పద్ధతిని మేం వదలం అన్నవాళ్లు వేలకు వేలు. వాళ్ల గురువుల్లో ఒకడైన అవ్వాకుమ్‌ను 1682లో సజీవంగా తగలబెట్టారు. రెండు వేళ్లా, మూడు వేళ్లా? ఇంతేనా అని ఇవాళ మనకు అనిపిస్తుంది. అలా అనిపించినంత కాలం మీరు ఈ నవల రాయలేరు. నిజంగా చెబుతున్నాను, రాయలేరు. ఆ రెండు వేళ్లు వాళ్ల అమ్మ పసితనంలో వాళ్ల చేయి పట్టుకుని నేర్పిన వేళ్లు. అవి తప్పంటే అమ్మ తప్పు, తాత తప్పు, చచ్చిపోయిన వాళ్లందరూ తప్పు.

కొన్నిసార్లు అక్షరం కూడా మారదు. మాట అదే ఉంటుంది, ఇద్దరూ ఒప్పుకుంటారు, అర్థం దగ్గర విడిపోతారు. ముహమ్మద్ ప్రవక్త తన చివరి నెలల్లో గదీర్ ఖుమ్ అనే చోట చెప్పిన మాట ఉంది, "నేను ఎవరికి మౌలానో, అలీ కూడా వారికి మౌలా" అని. అలీ ప్రవక్తకు అల్లుడు. ఈ మాటను సున్నీలూ, షియాలూ ఇద్దరూ గౌరవంగా చెప్పుకుంటారు. మౌలా అంటే నాయకుడు, నా తర్వాత ఆయనే అన్నారు ప్రవక్త అని షియాలు అర్థం చేసుకున్నారు. మౌలా అంటే ప్రియమైనవాడు, ఆత్మీయుడు అని సున్నీలు అర్థం చేసుకున్నారు. అరబ్బీలో ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి. ఇద్దరి విశ్వాసమూ నిజాయితీ గలదే. ఇది కోట్లమంది హృదయానికి సంబంధించిన విషయం, అందుకే ఇంతకన్నా పొడిగించను. రాసేవాళ్లుగా మీరు గమనించాల్సింది ఒకటే, ఎవరూ అబద్ధం చెప్పకుండానే రెండు దారులు ఏర్పడతాయి.

సరే, మళ్లీ మన బావి దగ్గరికి వద్దాం. నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

తమ్ముడు అబద్ధం ఆడుతున్నాడా? మీలో సగం మంది తల ఊపుతున్నారు. భయపడి వదిలేశాడు, తర్వాత కథ అల్లాడు అనుకుంటున్నారు. అలా రాస్తే నవల అక్కడితో చచ్చిపోతుంది. తమ్ముడికి నిజంగానే 'వదలండిరా' అని వినబడింది. ఎందుకంటే అన్న అలాంటివాడు. తన వల్ల ఇంకొకరు మట్టిలో పడతారంటే తాడు తనే కోసుకునే మనిషి అని తమ్ముడికి తెలుసు. చిన్నప్పటి నుంచి చూశాడు. శిష్యుడికి నిజంగానే 'వదలకండిరా' అని వినబడింది. ఎందుకంటే ఊటయ్య రోజూ ఉదయం బావిలో దిగే ముందు అనే మాట అదే. ఇద్దరూ తాము ఎరిగిన ఊటయ్యనే విన్నారు.

మర్నాడు ఊరంతా ఏం చూస్తుంది? శిష్యుడి చేతులకు కట్లు. తమ్ముడి చేతులు శుభ్రంగా ఉన్నాయి. గీత కూడా లేదు. ఎవరూ ఒక్క మాట అనరు. అనక్కర్లేదు. భోజనాల దగ్గర అందరి చూపూ ఆ చేతుల మీదికే పోతుంది. తమ్ముడు చేతులు దాచుకుంటాడు. ఆ దాచుకున్న చేతుల నుంచి ఒక మతం పుడుతుంది. ఇప్పుడు అతనికి 'వదలండిరా' అన్నది సిద్ధాంతం కాదు, ఊపిరి. అన్న వదలమన్నాడు కాబట్టి వదిలాను. అన్న వదలమనకపోతే నేను ఎవర్ని? మరి శిష్యుడి సంగతి? గురువు వదలమని చెప్పి ఉంటే నా చేతులు ఇలా పాడైపోవడం దేనికి? ఆయన ఆఖరి మాటను నేను కాదన్నట్టేనా? అతనూ ఒప్పుకోలేడు. ఇద్దరి గాయమూ ఒకే తాడుది. ఒకరికి అరచేతిలో అయింది, ఒకరికి లోపల అయింది.

వాళ్ల వెనక జనం చేరతారు. శిష్యుడి వెనక చేరినవాళ్లు పట్టువాళ్లు. తమ్ముడి వెనక చేరినవాళ్లు విడుపువాళ్లు. మనం 'పట్టూ విడుపూ ఉండాలి' అని కలిపి అనే మాట చూడండి, ఆ లోకంలో దాన్ని ఎవరూ కలిపి పలకరు.

ఇది కూడా నా సొంత తెలివి అనుకోకండి. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం మీరు వినే ఉంటారు. రామానుజుల సంప్రదాయంలో ఆయన తర్వాతి శతాబ్దాల్లో వడగలై, తెంగలై అని రెండు శాఖలు ఏర్పడ్డాయి. వడగలై వారి పోలిక కోతిపిల్ల, అది తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వారి పోలిక పిల్లికూన, అది ఏమీ చేయక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. భగవంతుణ్ని జీవుడు పట్టుకోవాలా, ఆయనే పట్టుకుంటాడని వదిలేసి ఉండాలా? ఎంత అందమైన ప్రశ్న! ఇద్దరూ శ్రీవైష్ణవులే, ఇద్దరికీ ఆచార్యుడు ఒకరే. అయినా నుదుటి నామం తీరు వేరైంది, గుళ్లో ఎవరి పాఠం ముందు చదవాలన్న తగవులు కోర్టుల దాకా వెళ్లాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ ఒక్క అక్షరాన్ని మూడు తరాల పాటు పెరగనివ్వడం. విడుపువాళ్లు ఏం చేస్తారు? బావి తవ్వి, ఊరికి ఇచ్చేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోతారు. ఆస్తి వదలడం గొప్ప. పేరు వదలడం ఇంకా గొప్ప. మహా ఉదారులు. కానీ వాళ్లలోనే ఒకడు, ముసలి తల్లిని వదిలేసి, 'విడుపు' అంటాడు. పట్టువాళ్లు ఏం చేస్తారు? ఒక్క మనిషిని కూడా వదలరు. రోగి ఉంటే ఏళ్లకేళ్లు సేవ చేస్తారు. తవ్విన బావిని తరతరాలు కాపాడతారు. కానీ వాళ్ల ఆడపిల్ల బయటికి వెళ్లి బతుకుతానంటే? వదలరు. మణికట్టుకు కట్టిన తాడు ముడి విప్పనివ్వరు. ఏ గుణం వల్ల ఒక వర్గం గొప్పదో, ఆ గుణం వల్లే అది క్రూరమూ అవుతుంది. ఇది రాయండి. జెండా రంగులు తర్వాత రాయొచ్చు.

వారసత్వం గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరందరూ దాని గురించే ఎక్కువ రాశారు. రక్తమా, శిష్యరికమా అన్నది పాత తగవే. అమెరికాలో మోర్మన్లు అనే మత వర్గాన్ని స్థాపించిన ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను 1844లో ఇల్లినాయ్‌లో, జైల్లో ఉండగా, అల్లరి మూక చంపేసింది. వారసుడు ఎవరన్నది అప్పటికి తేలలేదు. ఎక్కువమంది బ్రిగమ్ యంగ్ వెంట పడమరకు నడిచి 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరారు. వెళ్లనివాళ్లలో ఒక వర్గానికి 1860లో ప్రవక్త కొడుకు నాయకుడయ్యాడు. ఇందులో నాకు ఆసక్తి కలిగించేది ఆ మధ్య కాలం. తండ్రి పోయేనాటికి పదకొండేళ్ల పిల్లవాడు. వాడు పెరుగుతుంటే, వాడి ముఖంలో తండ్రి పోలికలు వెతికేవాళ్ల మధ్య ఆ పదహారేళ్లు ఎలా గడిచి ఉంటాయి? ఒక నవలకు అది చాలు.

అడగని ప్రశ్న గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. నాకు చాలా ఇష్టమైన ఘట్టం. బుద్ధుడు చివరి రోజుల్లో శిష్యుడు ఆనందుడితో అంటాడు: నా తర్వాత సంఘం కావాలనుకుంటే చిన్న చిన్న నియమాలను తీసేయవచ్చు. తర్వాత రాజగృహంలో భిక్షువులు సమావేశమైనప్పుడు ఆనందుడు ఈ మాట చెప్పాడు. పెద్దలు అడిగారు, చిన్న నియమాలంటే ఏవి? ఆనందుడు అడగలేదు. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఇవి తప్ప మిగతావన్నీ చిన్నవే అని ఒకరు, కాదు అవీ చిన్నవే అని ఇంకొకరు. చివరికి మహాకాశ్యపుడు, ఒక్కటీ తీసేయొద్దు, ఒక్కటీ చేర్చొద్దు అన్నాడు. సభ ఒప్పుకుంది. అడగనందుకు ఆనందుణ్ని తప్పుపట్టారు. ఆయన సమాధానం వినండి: మరుపు వల్ల అడగలేదు, అది నాకు తప్పుగా తోచడం లేదు, అయినా మీ మీద గౌరవంతో తప్పుగానే ఒప్పుకుంటున్నాను.

పాతికేళ్లు నీడలా వెంట ఉన్న మనిషి. ఎదురుగా గురువు వెళ్లిపోతున్నాడు. ఆ క్షణంలో 'చిన్న నియమాలంటే ఏవి స్వామీ' అని ఎవరు అడుగుతారు? మీరైతే అడుగుతారా? మీ నాన్న ఆఖరి ఊపిరి తీసుకుంటుంటే కాగితాల సంగతి అడుగుతారా? ఆ దుఃఖంలో జారిపోయిన ప్రశ్న, నూరేళ్ల తర్వాత వైశాలిలో తిరిగి వచ్చింది. కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా, వెండి బంగారాలు తీసుకోవచ్చా అని పది విషయాల మీద వాదన జరిగింది. ఉప్పు చూడండి, ఉప్పు! నిర్వాణం మీద కాదు వాదన. మీ కల్పిత మతంలో కూడా తగవు వంటింట్లో, పెళ్లిలో, పాడె దగ్గర రావాలి. ఊటయ్య మతంలో శవాన్ని మోసుకుపోయేటప్పుడు పాడె తాళ్లు కోసేయాలా, శవంతో పాటే ఉంచాలా? అదిగో, అక్కడ కొట్టుకుంటారు. అక్కడే ఏడుస్తారు కూడా.

ఇంకో మాట. చీలిక అంటే ప్రతిరోజూ యుద్ధం అనుకోకండి. మీ ప్రతుల్లో నాకు కనబడని ఇంకో సంగతి శాంతి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో, ఒకే లోయలో, వేరువేరు బౌద్ధ శాఖలకు వేరువేరు విహారాలు ఉండేవి. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ భిక్షువులు. శాసనాలు ఉన్నాయి. రాజ కుటుంబపు స్త్రీలు వాటికి దానాలు చేశారు. ఆ భిక్షువులు పొద్దున్నే దారిలో ఎదురుపడి ఉంటారు కదా? ఏం మాట్లాడుకుని ఉంటారు? ఒక లోయలో నాలుగు శాఖలు బతికిన రోజులను రాయండి. అది రాయగలిగితే తర్వాత వచ్చే కత్తికి విలువ ఉంటుంది.

ఇక మాటలు పోగుపడటం. ఊటయ్య రాయలేదని చెప్పాను. మరి పుస్తకం ఎలా వచ్చింది? కబీరునే తీసుకోండి. ఆయన పేరున ఉన్న పదాలు ప్రధానంగా మూడు పాయలుగా మనకు చేరాయి. తూర్పున కబీరు అనుచరులైన కబీరు పంథీల గ్రంథం బీజక్, పంజాబులో 1604లో కూర్చిన సిక్కుల ఆది గ్రంథ్‌లోని పదాలు, రాజస్థాన్‌లో దాదూ అనే సాధువు అనుచరులు, దాదూ పంథీలు, భద్రపరిచినవి. మూడింట్లో కబీరు స్వరం ఒకేలా ఉండదు. ఒకచోట విరుచుకుపడే కబీరు, ఒకచోట విరహంతో కరిగిపోయే కబీరు. ఎవరికి కావాల్సిన కబీరును వాళ్లు గుండెలో దాచుకున్నారు. మన వేమన చూడండి. 'విశ్వదాభిరామ వినుర వేమ' అన్న మకుటం ఉంటే ఎవరు రాసిందైనా వేమన పద్యమైపోతుంది. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే ఏది అసలో ఏది కొసరో తేల్చడం గగనం. జనం మోసం చేయాలని చేర్చలేదు. నాకు తోచిన మంచి మాట నాది ఎలా అవుతుంది, అది ఆయనదే అన్న వినయంతో చేర్చారు.

అందుకని మీకు ఒక పని చెబుతాను. మీ సాధువు చెప్పిన ఒకే మాటను మూడు రకాలుగా రాయండి. మొదటిది విన్న రోజు సాయంత్రం చెప్పుకున్నట్టు. రెండోది నలభై ఏళ్ల తర్వాత, శిష్యుడు ముసలివాడై గుర్తుచేసుకున్నట్టు. మూడోది రెండు వందల ఏళ్ల తర్వాత, పండితుడు ఛందస్సులో పెట్టినట్టు. రాసి చూడండి. మొదటి దాంట్లో మట్టి వాసన ఉంటుంది, తిట్టు కూడా ఉండొచ్చు. మూడో దాంట్లో ఊటయ్య సంస్కృతం మాట్లాడుతుంటాడు. ఆ 'రా' ఉంది చూశారా, 'వదలండిరా' లోని 'రా'? మొట్టమొదట పోయేది అదే. గ్రంథంలో 'శిష్యులారా' అని ఉంటుంది. ఆ 'రా' పోయిన చోట ఊటయ్య రెండోసారి చచ్చిపోయాడని నేను అనుకుంటాను.

మీలో ఒక అమ్మాయి తన ప్రతిలో రెండు వర్గాలనూ కలిపే మనిషిని పెట్టింది. చాలా మంచి ఆలోచన. కానీ అతను గెలిచి, అందరూ ఒకటైపోతారు. అమ్మా, చరిత్రలో కలపడానికి వచ్చినవాళ్లు చాలాసార్లు మూడో వర్గంగా మిగిలారు. కబీరు పోయిన ఊరని చెప్పే మగహర్‌లో ఆయనకు హిందువుల సమాధీ, ముస్లిముల మజారూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన శవం కోసం హిందువులూ ముస్లిములూ వాదులాడుకుంటే, దుప్పటి తీసి చూస్తే పూలే ఉన్నాయని కథ. పూలు పంచుకున్నారు. జీవితమంతా రెండూ కాదన్న మనిషికి రెండు సమాధులు. నీ పాత్ర గెలవక్కర్లేదు. రెండు వైపులా అనుమానంగా చూస్తుంటే, ఎవరి బావిలో నీళ్లు తాగాలో తెలియక దాహంతో నిలబడితే చాలు, అతని మీద నాకు గౌరవం పుడుతుంది.

ఆఖరున ఒక్కటి చెప్పి కూర్చుంటాను. ఆ రోజు బావి దగ్గర మూడో మనిషి ఉంది. పైన పనిచేసేవాళ్లకు మంచినీళ్లు మోసుకొచ్చే పిల్ల, తొమ్మిదేళ్లది. దరి విరిగినప్పుడు అంచున వంగి చూస్తోంది. కేక విన్నది. తమ్ముడికన్నా, శిష్యుడికన్నా కిందికి వంగి ఉంది. తాడు బరువు ఆమె చేతుల మీద లేదు. ఆమెకు స్పష్టంగా వినబడింది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆడపిల్ల, పసిపిల్ల, నీళ్లు మోసే పిల్ల. పెద్దదైంది, పెళ్లయింది. పట్టువాళ్ల ఇంట్లో పెరిగి విడుపువాళ్ల ఇంటికి కోడలిగా వెళ్లింది. ఎనభై ఏళ్లు బతికింది. ఆమె మనవడు గుళ్లో 'వదలండి' అని పాడుతుంటే వింటూ కూర్చుంది.

ఆమె ఏం విన్నదో నవలలో రాయకండి. చదివేవాళ్లు అడుగుతారు, ప్రచురించేవాళ్లు ఇంకా గట్టిగా అడుగుతారు. మీరు గనక ఆ 'క' ఉందనో లేదనో తేల్చేస్తే, అప్పటిదాకా కన్నీళ్లతో చదివిన సగం మంది ఒక్క క్షణంలో పిచ్చివాళ్లయిపోతారు, వాళ్ల ప్రేమ పొరపాటైపోతుంది. ఆ పని మనం చేయకూడదు. ఆమె దగ్గరికి ఎవరో ఒకరిని పంపండి, మనవరాలిని పంపండి. అడగనివ్వండి. ముసలామె తల ఎత్తి చూస్తుంది. ఆ పిల్ల దాహంగా ఉందేమోనని నీళ్ల చెంబు అందిస్తుంది. అక్కడ అధ్యాయం ఆపేయండి.